విజయగాథల్లో నడిమి రోజులు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో పట్టుదలతో గెలిచినవారి కథలు వచ్చినప్పుడల్లా వదలకుండా చదువుతాను. ప్రమాదంలో కాలు పోయినా పర్వతం ఎక్కినవారు, చూపు లేకపోయినా పెద్ద పరీక్ష నెగ్గినవారు, వయసు మీద పడ్డాక పట్టా అందుకున్నవారు, ఇలాంటివారి గురించి నలుగురికీ తెలియజెప్పడం మంచి పని. అవి ఇంకా రావాలి. అయితే ఆ కథలన్నీ దాదాపు ఒకే వాక్యం దగ్గర ముగుస్తున్నాయి: పట్టుదల ఉంటే సాధించలేనిది ఏదీ లేదు. ఆ వాక్యం గురించే ఈ ఉత్తరం.

నేను ఫిజియోథెరపిస్టును. పక్షవాతం వచ్చినవారికి, తుంటి ఎముక విరిగినవారికి, ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిన్నవారికి మళ్లీ కూర్చోవడం, నిలబడడం, నడవడం, చేత్తో వస్తువు పట్టుకోవడం నేర్పించడమే నా వృత్తి. ఉద్యోగ జీవితమంతా పట్టుదలను అతి దగ్గర నుంచి చూస్తూ గడిపాను. దాని శక్తి మీద నాకున్నంత నమ్మకం చాలామందికి ఉండదనుకుంటాను. కానీ మనం దాన్ని వర్ణిస్తున్న తీరు వల్ల, అది ఎవరిలో నిండుగా ఉందో వాళ్లే ముందుగా గాయపడుతున్నారు.

నా దగ్గరకు ఒక టీచరుగారు వచ్చేవారు. కుడి పక్క పక్షవాతం. చెప్పిన వ్యాయామం ఒక్క పూట మానేవారు కాదు. ఇంట్లో చేసినవన్నీ ఎడమ చేత్తో వంకర అక్షరాలతో నోటుపుస్తకంలో రాసుకుని వచ్చి చూపించేవారు. ఒకరోజు మీలాంటి పత్రికే ఒకటి ఆమె ఒడిలో మడిచి ఉంది. అందులో ఎవరో ఆరు నెలల్లో మంచం మీద నుంచి లేచి పరుగుపందెంలో పాల్గొన్నారని రాశారట. అది చూపించి, “నాకు ఇంత పట్టుదల లేదేమో అమ్మా” అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మెదడులో రక్తం గడ్డ ఏ నాళంలో అడ్డుపడింది, ఎంత మేర కణాలు చచ్చిపోయాయి, ఎన్ని గంటల్లో ఆసుపత్రికి చేరారు అన్నవాటి మీద చెయ్యి ఎంత తిరిగి వస్తుందన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఆమె సంకల్పానికి వీటితో సంబంధం లేదు. కానీ పట్టుదల ఉంటే సాధించలేనిది లేదన్న వాక్యాన్ని తిరగేస్తే, సాధించలేకపోయినవారికి పట్టుదల లేదనే కదా అర్థం. ఆమె దాన్ని అలాగే చదువుకున్నారు. అలా చదువుకునేవాళ్లు ఆసుపత్రుల్లోనే కాదు, పరీక్షల ఫలితాలు వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

మరి పట్టుదల దేనికి పనికొస్తుంది? చాలా వాటికి పనికొస్తుంది. కాకపోతే అది పని చేసే తీరు మన కథల్లో కనిపించదు. నేను చూసింది కొంత చెబుతాను.

చొక్కా గుండీ పెట్టుకోవడం ఎంత కష్టమైన లక్ష్యమో పక్షవాతం వచ్చిన చేతిని చూస్తే తెలుస్తుంది. బొటనవేలు చూపుడువేలికి ఎదురు రావాలి. ఆ రెండు వేళ్ల కొసల మధ్య గుండీ అంచు నిలవాలి. నొక్కు ఎక్కువైతే జారుతుంది, తక్కువైతే చేతిలో నిలవదు. రెండో చెయ్యి కాజాను తెరిచి పట్టుకోవాలి. గుండీని పక్కకు వాల్చి, సగం లోపలికి దూర్చి, అవతలి వైపు నుంచి మళ్లీ అందుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నవారు ఎటో చూస్తూ, ఎవరితోనో మాట్లాడుతూ చేసే పని ఇది. మెదడులో ఒక పక్క దెబ్బతిన్న మనిషికి ఇందులోని ప్రతి అంచె ఒక పరీక్షే.

ఒక పెద్దాయన ఈ గుండీతో నెలల తరబడి కుస్తీ పట్టారు. కాయకష్టం చేసి పెరిగిన మనిషి. గట్టిగా పూనుకుంటే కానిది లేదన్న నమ్మకంతో బతికినవారు. పళ్లు బిగించి, చెమటలు కక్కుతూ ప్రయత్నించేవారు. పక్షవాతం వచ్చిన చేతికి ఒక స్వభావం ఉంది. బలవంతం చేసిన కొద్దీ మోచెయ్యి మడుచుకుపోతుంది, వేళ్లు అరచేతిలోకి ముడుచుకుంటాయి, పిడికిలి రాయిలా బిగుస్తుంది. కండరాలను సడలించమని చెప్పాల్సిన మెదడు భాగం దెబ్బతిన్నందువల్ల, ఎక్కువ శ్రమ పెట్టినప్పుడు బిగింపు ఇంకా పెరుగుతుంది. అంటే ఆయన మొండితనమే ఆయన పిడికిలిని మూసేస్తోంది. “వదిలేయండి. భుజం దించండి. ఊపిరి నెమ్మదిగా వదలండి” అంటే ఆయనకు కోపం వచ్చేది. “ప్రయత్నించమని చెప్పాల్సింది పోయి వదిలేయమంటారేమిటమ్మా?” అని నిలదీసేవారు.

మేము గుండీని పక్కన పెట్టాం. ముందు బల్ల మీద చెయ్యి ఆనించి, వేళ్లు వాటంతట అవి తెరుచుకునేదాకా ఆగడం. తర్వాత లావాటి చెక్క బిళ్లలు ఎత్తి డబ్బాలో వేయడం. ఆ తర్వాత ఒక గుడ్డ మీద కుట్టిన పెద్ద కోటు గుండీలు. చాలా రోజుల తర్వాత చొక్కా గుండీ, అదీ చొక్కా ఒంటి మీద కాకుండా ఎదురుగా బల్ల మీద పరిచి. ఒంటి మీద గుండీ పెట్టుకునేటప్పుడు చెయ్యి ఏ కోణంలో ఉంటుందో, బల్ల మీద ఆ కోణం ఉండదు. కాబట్టి అక్కడ నేర్చింది ఇక్కడికి వచ్చేసరికి మళ్లీ కొంత మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. అప్పుడు ఆయన నిరుత్సాహపడతారని భయపడ్డాను. ఒకనాడు ఒంటి మీద నాలుగు గుండీలు పెట్టుకుని, ఐదోదాని దగ్గర వేళ్లు బిగుసుకోవడం మొదలవగానే ఆయనే చెయ్యి దించి, “ఇవాళ్టికి చాలు, రేపు చూద్దాం” అన్నారు. ఆయన ఇక ఆగరని నాకు ఆ క్షణంలో అర్థమైంది. మొదటి రోజు పళ్లు బిగించినప్పటి కంటే ఆ రోజు చెయ్యి దించినప్పుడే ఆయన పట్టుదల నాకు ఎక్కువ కనిపించింది. పత్రికల్లో ఫోటో తీసేది గుండీలన్నీ పెట్టుకున్న రోజును. చెయ్యి దించిన రోజున ఫోటో తీసేవారు ఎవరూ ఉండరు.

మరో విషయం. పక్షవాతం వచ్చినవారికి మంచి చెయ్యే ఒక్కోసారి అడ్డమవుతుంది. గ్లాసు అందుకోవాలన్నా తలుపు తీయాలన్నా అది ముందుకొచ్చి పని ముగించేస్తుంది. జబ్బు చెయ్యి ఒకటి రెండుసార్లు ప్రయత్నించి విఫలమై, క్రమంగా పక్కకు తప్పుకోవడం అలవాటు చేసుకుంటుంది. కదలగలిగి ఉండి కూడా కదలదు. ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని మొదట కోతుల్లో గమనించి, ఆ తర్వాత మనుషులకు ఒక చికిత్స రూపొందించారు. మంచి చేతికి మందపాటి తొడుగు వేసి, మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం జబ్బు చేతితోనే పనులు చేయిస్తారు. దీని మీద అమెరికాలో 222 మందితో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలు గడిచినవారికి రెండు వారాల పాటు ఈ చికిత్స చేస్తే, మామూలు పద్ధతిలో వైద్యం పొందినవారి కంటే చేతి వాడకం చెప్పుకోదగినంత మెరుగుపడింది. ఈ పరిశోధన గురించి చెప్పేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పి తీరాలి. మణికట్టునూ వేళ్లనూ కొద్దిగానైనా చాచగలిగినవారినే అందులోకి తీసుకున్నారు. ఏ కదలికా మిగలని చేతికి ఈ తొడుగు వల్ల లాభం లేదు, యాతన తప్ప. ఆ ఆరంభపు కదలిక ఎవరికి మిగులుతుందో, ఎవరికి మిగలదో పట్టుదల నిర్ణయించదు. మిగిలినదాన్ని వాడకలోకి తెచ్చుకోవడంలో మాత్రం పట్టుదలకు సాటి లేదు.

శపథాల సంగతి కూడా చెప్పాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లేరోజు చాలామంది నా చేతులు పట్టుకుని, “తప్పకుండా చేస్తానమ్మా, ఎంత కష్టమైనా చేస్తాను” అంటారు. మనస్ఫూర్తిగానే అంటారు. మరుసటి వారం చూస్తే సగం మంది మొదలే పెట్టి ఉండరు. బద్ధకం అనుకుంటే పొరపాటు. ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత అన్నది తేల్చుకోకపోవడం అసలు కారణం. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ దీని గురించి చాలా కృషి చేశారు. ఫలానా పని చేస్తానని నిశ్చయించుకోవడం కంటే, ఫలానా సమయంలో ఫలానా చోట ఫలానా పని ముగియగానే మొదలుపెడతానని ముందే తేల్చుకున్నవారు పని పూర్తిచేసే అవకాశం ఎక్కువని ఆయన 1999లో రాసిన వ్యాసంలో వివరించారు. నేను శపథాలు వినడం మానేసి, పళ్లు తోముకున్నాక ఏం చేస్తారు, స్నానానికి ముందు కుర్చీ ఎక్కడ ఉంటుంది, లేచి నిలబడేటప్పుడు పక్కన ఎవరుంటారు అని అడగడం మొదలుపెట్టాను. ఇలాంటి ప్రశ్నలు ఎవరికీ ఉత్తేజం కలిగించవు. కానీ మర్నాడు ఉదయం మనిషిని లేపి నిలబెట్టేవి ఇవే.

గెలిచినట్టు ఊహించుకోండి, గెలుపు దానంతట అదే వస్తుందని చెప్పే ఉపన్యాసాలు కూడా చాలా వింటున్నాం. మనస్తత్వవేత్త గేబ్రియెల్ ఓటింగెన్ ఈ విషయాన్ని శ్రద్ధగా పరిశీలించారు. తుంటి మార్పిడి ఆపరేషన్ చేయించుకోబోతున్నవారు కూడా ఆమె పరిశీలనలో ఉన్నారు. 2002లో వచ్చిన ఆ పరిశోధనలో తేలింది ఇది: కోలుకుంటామన్న ఆశ ఉన్నవారు బాగా కోలుకున్నారు. కానీ అప్పుడే కోలుకుని హాయిగా తిరుగుతున్నట్టు తియ్యటి కలలు కన్నవారు అంత బాగా కోలుకోలేదు. నా అనుభవం కూడా దీనికి దగ్గరగానే ఉంది. నడవగలనన్న నమ్మకం ఉన్న మనిషి మొదటి రోజు నొప్పికి సిద్ధపడి వస్తాడు. నడిచినట్టు ఊహలో తేలిపోయిన మనిషి అదే నొప్పికి బిత్తరపోతాడు.

ఇక మానేసిన రోజుల గురించి. దీని గురించి ఎవరూ రాయరు. నాకు మాత్రం ఇదే అన్నిటి కంటే ముఖ్యం. జ్వరం వస్తుంది, ఇంట్లో పెళ్లి వస్తుంది, మనసు బాగుండదు, ఒక రోజు వ్యాయామం తప్పుతుంది. మర్నాడు సిగ్గు వేస్తుంది. ఆ సిగ్గుతో రెండో రోజు కూడా తప్పుతుంది. నాలుగో రోజుకు, నావల్ల కాదని ఆ మనిషి తనకు తానే తీర్పు ఇచ్చేసుకుంటాడు. ఇలా ఆగిపోయినవారిని ఎందరినో చూశాను. కండరం బలహీనమై ఆగినవారి కంటే ఈ తీర్పుతో ఆగినవారే ఎక్కువ. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి, ఒక కొత్త పని అలవాటుగా మారడానికి ఎంత కాలం పడుతుందో లెక్క కట్టింది. 2010లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం సగటున 66 రోజులు. కానీ మనుషుల మధ్య తేడా చాలా ఉంది. కొందరికి 18 రోజులు సరిపోగా, కొందరికి 254 రోజుల వరకు పట్టవచ్చని వాళ్ల అంచనా. అన్నిటికీ మించి, మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు కుదురుకోవడానికి పెద్ద ఆటంకం కలగలేదు. ఈ సంగతి చెప్పగానే ఎంతమంది ముఖాల్లో భారం దిగిపోతుందో చూడాలి. పట్టుదల అంటే ఒక్క రోజూ తప్పకపోవడమని మనం నేర్పించాం. తప్పిన రోజు తర్వాతి ఉదయం తిరిగి రావడమే పట్టుదలకు అసలు పరీక్ష అని నేర్పించి ఉంటే ఇంకెంతమంది మిగిలేవారో.

కథల్లో కనిపించని మనుషులు కూడా ఉన్నారు. విల్మా రుడాల్ఫ్ పేరు చాలామంది విన్నదే. చిన్నతనంలో పోలియో వచ్చి కాలికి ఇనుప పట్టీలు కట్టుకుని నడిచిన అమెరికన్ నల్లజాతి అమ్మాయి, 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు, 200 మీటర్లు, రిలే పరుగుల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది. ఆమె పట్టుదల గురించి ఎంత చెప్పినా తక్కువే. కానీ నా వృత్తిలో ఉన్నవారు ఈ కథ చదివితే ముందుగా వాళ్లమ్మ కనిపిస్తుంది. నల్లజాతివారికి వైద్యం అందించే నాష్‌విల్ ఆసుపత్రికి దాదాపు 80 కిలోమీటర్ల దూరం ఆ తల్లి కూతురిని వారం వారం బస్సులో తీసుకెళ్లేది. అక్కడ కాలికి మర్దన చేయడం చూసి నేర్చుకుంది. ఇంటికి వచ్చి అక్కలకూ అన్నలకూ నేర్పింది. రోజుకు నాలుగు సార్లు ఒకరి తర్వాత ఒకరు ఆ కాలిని మర్దన చేసేవారు. ఆ వయసు పిల్లకు పట్టుదల అనే మాట తెలిసి ఉంటుందా? అది ఇంటిల్లిపాదిలోనూ ఉంది. తర్వాత ఆ అమ్మాయి దాన్ని సొంతం చేసుకుంది.

నాట్యకళాకారిణి సుధా చంద్రన్ గురించి మన పాఠకులకు పరిచయం చేయనక్కర్లేదు. 1981లో బస్సు ప్రమాదం తర్వాత ఆమె కాలు తీసేయాల్సి వచ్చింది. 1984లో ‘జైపూర్ పాదం’ అనే కృత్రిమ పాదంతో తిరిగి వేదిక ఎక్కి నాట్యం చేశారు. ఆ నొప్పిని భరించి సాధన చేయడం మాటలు కాదు. ఆ మొండిధైర్యానికి చేయెత్తి నమస్కరిస్తాను. అదే చేత్తో జైపూర్‌లో ఎముకల వైద్యుడు పి.కె. సేఠీకి, చేతిపని నేర్చిన శిల్పి రామచంద్ర శర్మకు కూడా నమస్కరిస్తాను. 1960ల చివర్లో వాళ్లిద్దరూ కలిసి రూపొందించిన ఆ జైపూర్ పాదం చీలమండ దగ్గర వంగుతుంది. దానితో గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు, చెప్పుల్లేకుండా నడవచ్చు. అప్పటి దాకా బయటి దేశాల నుంచి వచ్చే బిగుసుకుపోయిన పాదాలతో ఇవి సాధ్యం కావు. ఆ పాదం లేకుండా ఆమె పట్టుదల ఏమయ్యేదో ఊహించండి. పట్టుదల ఉన్నవారికి పనిముట్టు అందించడం కూడా సమాజం చేయాల్సిన పనే. నీకు పట్టుదల ఉంటే చాలు అని మనం అన్నప్పుడల్లా, పనిముట్టు అందించే బాధ్యత నుంచి తెలియకుండానే తప్పుకుంటున్నాం.

పట్టు ఎంత ముఖ్యమో విడుపు కూడా అంతే ముఖ్యమని మన పెద్దలకు బాగా తెలుసు. భగీరథ ప్రయత్నం అని రోజూ అంటాం. ఆ కథలో భగీరథుడు ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయలేదు. గంగ కోసం తపస్సు చేశాడు. ఆమె దిగివస్తానన్నాక ఆ ధాటికి భూమి తట్టుకోలేదని తెలిసి శివుణ్ణి వేడుకున్నాడు. తీరా దారిలో జహ్నుమహర్షి ఆమెను తాగేస్తే, ఆయన్ను ప్రాధేయపడ్డాడు. లక్ష్యం మారలేదు. అడ్డంకి మారినప్పుడల్లా ఉపాయం మార్చాడు. పైగా ఆ పని అతనితో మొదలైంది కూడా కాదు. అతని ముందు అంశుమంతుడు, దిలీపుడు అదే కోరికతో జీవితాలు వెచ్చించి నెరవేర్చలేక వెళ్లిపోయారు. వాళ్లకు పట్టుదల లేదని ఏ పురాణమూ అనలేదు.

మన కాలపు ఉదాహరణ కావాలంటే గణితంలో ఉంది. ఫెర్మా చివరి సిద్ధాంతం మూడున్నర శతాబ్దాలు ఎవరికీ లొంగలేదు. ఆండ్రూ వైల్స్ అనే గణితవేత్త పదేళ్ల వయసులో దాని గురించి చదివాడు. పెద్దయ్యాక 1986 నుంచి ఏడేళ్లు దాదాపు ఎవరికీ చెప్పకుండా దాని మీదే పనిచేశాడు. 1993 జూన్‌లో కేంబ్రిడ్జిలో నిరూపణ ప్రకటించాడు. ప్రపంచమంతా జేజేలు పలికింది. కొన్ని నెలలకే అందులో ఒక లోపం బయటపడింది. ఆ తర్వాతి ఏడాదిని తలచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. అందరూ చూస్తుండగా, పొగడ్తలన్నీ అందుకున్నాక, తప్పుతో ఒంటరిగా కూర్చోవడం ఎంత కష్టమో. ఆయన ఒంటరిగా ఉండిపోలేదు కూడా. తన పూర్వ విద్యార్థి రిచర్డ్ టేలర్‌ను తోడు పిలిచాడు. 1994 సెప్టెంబరు నాటికి ఓటమి ఒప్పుకునే దాకా వచ్చి, కనీసం ఈ పద్ధతి ఎందుకు పనిచేయలేదో అర్థం చేసుకుందామని కూర్చున్నాడు. అప్పుడే, తాను ఏనాడో పక్కన పెట్టేసిన పాత మార్గం దీనికి తోడైతే లోపం పూడుతుందని స్ఫురించింది. 1995లో నిరూపణ అచ్చయింది. విఫలమైన దాన్ని దులుపుకుని వెళ్లిపోకుండా, అది ఎందుకు విఫలమైందో ఓపికగా చూడడం పట్టుదలలో భాగమే. నా దగ్గర వ్యాయామం నేర్చుకునేవారికి కూడా ఇదే చెబుతాను. గ్లాసు పడిపోయింది సరే, ఏ వేలు ముందు వదిలింది?

వెనక్కి తిరగడం గురించి కూడా ఒక మాట. 1909 జనవరిలో ధ్రువ అన్వేషకుడు ఎర్నెస్ట్ షాకిల్‌టన్ ముగ్గురు సహచరులతో దక్షిణ ధ్రువానికి 180 కిలోమీటర్ల దూరం దాకా వెళ్లాడు. అంతకు ముందు ఎవరూ అంత దక్షిణానికి వెళ్లలేదు. తిండి అయిపోవస్తోంది. ముందుకు వెళితే ధ్రువం అందేదేమో, తిరిగి రావడం మాత్రం అసాధ్యం. ఆయన వెనుదిరిగాడు. నలుగురూ బతికి వచ్చారు. కొన్నేళ్ల తర్వాత, 1915లో, ఆయన ఓడ ఎండ్యూరెన్స్ మంచులో నలిగి మునిగిపోయింది. అప్పుడు ఖండాన్ని దాటాలన్న లక్ష్యాన్ని వదిలేసి, మనుషులందరినీ ప్రాణాలతో ఇంటికి చేర్చడమే లక్ష్యంగా పెట్టుకున్నాడు. ఆ ఓడలో వెళ్లిన 28 మందీ బతికి బయటపడ్డారు. లక్ష్యాన్ని వదులుకున్నందుకు ఆయన్ను పట్టుదల లేనివాడని ఎవరైనా అనగలరా?

ఇంతకుముందు చెప్పిన టీచరుగారికి కుడి చేతి వేళ్లు రాతకు పనికొచ్చేంతగా తిరిగి రాలేదు. ఆ సంగతి ఇద్దరం మాట్లాడుకున్నాం. ఆ సంభాషణ సులభంగా సాగలేదు, ఒక్క రోజులో ముగియనూ లేదు. ఆమె కోరిక నిజానికి కుడి చేత్తో రాయడం కాదని, మళ్లీ పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పడమని మాటల్లో తేలింది. అప్పటి నుంచి మా పని మారింది. గోడకు ఆనుకోకుండా ఎంతసేపు నిలబడగలరు, ఎడమ చేత్తో నల్లబల్ల మీద అక్షరం ఎంత పెద్దదిగా రాయగలరు, రాస్తూ పిల్లల వైపు తిరిగినప్పుడు తూలకుండా ఎలా నిలవాలి, వీటి మీద పడ్డాం. సాధ్యం కాని లక్ష్యాన్ని వదిలి, తమకు అర్థవంతమైన మరో లక్ష్యానికి మళ్లగలిగినవారి మనశ్శాంతి మెరుగ్గా ఉంటుందని మనస్తత్వవేత్త కార్స్టెన్ రాష్ పరిశోధనలు చెబుతున్నాయి. వదలడం ఒక్కటే చాలదు, పట్టుకోవడానికి ఇంకొకటి కావాలి. టీచరుగారికి అది దొరికింది. ఆమె తిరిగి తరగతి గదిలోకి వెళ్లారు. ఈ కథ ఏ పత్రికలోనూ రాదు. ఎందుకంటే ఆమె కుడి చెయ్యి ఇప్పటికీ ఒడిలోనే ఉంటుంది, ఫోటోలో అది ఓటమిలా కనిపిస్తుంది. నా దృష్టిలో మాత్రం, నేను చూసిన విజయాల్లో ఇది చాలా పెద్దది.

కాబట్టి సంపాదకుల వారికి నా విన్నపం. ఇలాంటి కథలు రాయించడం మానకండి. కానీ విజేతను కలవడానికి వెళ్లే మీ విలేకరులు కొన్ని ప్రశ్నలు అదనంగా అడగాలని కోరుతున్నాను. మధ్యలో ఎప్పుడు మానేశారు, మళ్లీ ఎలా మొదలుపెట్టారు? మొదట ఎంచుకున్న ఏ పద్ధతిని వదులుకోవాల్సి వచ్చింది? రోజూ ఏ సమయానికి, ఎవరు పక్కనుండగా సాధన చేశారు? ఏ పనిముట్టు, ఎవరి చేతిసాయం లేకపోతే ఇది జరిగేది కాదు? ఈ జవాబులకు ఒక పేరా కేటాయించినా, ఇంటి దగ్గర కుర్చీ పట్టుకుని లేవడం నేర్చుకుంటున్న మనిషికి మర్నాడు ఉదయం ఏం చేయాలో తెలుస్తుంది. విజేత పక్కన ఫోటోలో ఆ ఇంటివారిని, వ్యాయామం నేర్పిన మనిషిని కూడా నిలబెట్టండి. వీలైతే ఏడాదికి కొన్నిసార్లైనా, తలపెట్టింది నెరవేరక దారి మార్చుకుని నిలదొక్కుకున్న మనిషి కథ కూడా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. అలాంటివారు కావాలంటే ఏ ఫిజియోథెరపీ విభాగానికైనా ఒక పూట వచ్చి కూర్చోమని మీ విలేకరులకు చెప్పండి. రోగుల అనుమతి తీసుకుని, వారి పేర్లు బయటపెట్టకుండా రాస్తామంటే, మాలాంటివాళ్లం సంతోషంగా సహకరిస్తాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక ఫిజియోథెరపిస్టు